చీనా దేశపు తేనీటి విధానము

ఠాణా జిల్లాలో కామ్‌వారీ నదీతీరమున నున్న భివండి పట్టణమును గూర్చి తెలంగాణమునందలి నేతకుటుంబములలో విననివారుండరు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మెదకు సీమల పల్లెలలో చేతిమగ్గము ఇంటిల్లిపాదికి కూడు పెట్టజాలని కాలమున, మార్కండేయుని మూలపురుషునిగా కొలుచు పద్మశాలీలు వేలకొలదిగా తరలివచ్చి, ఉత్తర హిందూస్థానమునుండి అంతకుముందే వచ్చి స్థిరపడిన మోమిన్ అన్సారీ నేతగాండ్ర సరసన నిలిచి, ఈ యూరి మరమగ్గములకు తమ చేతి నేర్పునిచ్చిరి. 1982 సంవత్సరపు బొంబాయి మిల్లుల సమ్మె తరువాత ఆ యూరి మగ్గములు మఱింత పెరిగినవి. పద్మనగరమను పేటలో తెలుగుమాట నేటికిని వీధివీధిని వినబడుచున్నది. అట్టి పట్టణమువారికిని, అచ్చట బంధువులుగల మీ యందఱికిని నేను నేడు మనవి చేయబూనినది వస్త్రమును గూర్చి కాదు. వస్త్రము నేయువాని చేతిలోని తేనీటిగ్లాసును గూర్చి. ఆ గ్లాసులోని యాకు ఎచ్చటినుండి వచ్చినదో, పుట్టినచోట దానిని కాచుకొను సంప్రదాయమెట్టిదో, ఆ సంప్రదాయమునుండి మనము గ్రహింపదగినదేమో చెప్పుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

సాంచాలు, అనగా మరమగ్గములు, నడచు షెడ్డులో తేనీటివేళ యెట్లుండునో యెఱుగనివారికి కొంచెము వివరింపవలయును. రేకులకప్పు క్రింద పదులకొలది మరమగ్గములు ఒక్కసారిగా నాడెలను ఇటునుండి అటు, అటునుండి ఇటు విసరుచుండగా పుట్టు మ్రోతలో మనిషికి మనిషిమాట వినబడదు. కావున అచ్చటి సంభాషణమంతయు చేతిసైగలతోను పెదవుల కదలికతోను సాగును. ఒక చేత కెటిలును, వేఱొక చేత గ్లాసులు దింపిన తీగెలబుట్టను పట్టుకొని చాయ్ కుఱ్ఱవాడు గుమ్మమున నిలిచినప్పుడు నేతగాడు వానిని కేకవేయడు. బొటనవ్రేలిని పెదవులవైపు వంచి, ఎన్ని గ్లాసులు కావలెనో వ్రేళ్లతో చూపును. గ్లాసు చేతికందిన వెంటనే దానిపై అరచేయి మూయును, ఏలయన గాలిలో తేలాడు నూలుపీచు క్షణములో వచ్చి అందు వ్రాలును. నాలుగు సాంచాలనో ఆఱు సాంచాలనో ఒక్కడే కనిపెట్టవలసినవాడగుటచే అతని చూపు పడుగుమీదనే నిలిచియుండగా, నాలుగు గ్రుక్కలలో త్రాగి గ్లాసును మరల బుట్టలో నుంచును. కూలి మీటరులెక్కను ముట్టునది. మగ్గమాగిన ప్రతి నిమిషమును అతని సంపాదనలో తరుగే. పండ్రెండు గంటల పాళీలో, అనగా పనివంతులో, అందును రాత్రి పాళీలో, తెల్లవాఱుజామున కనురెప్పలు బరువెక్కు వేళ, అతడు తేనీరు త్రాగునది నిద్రను తఱుముటకొఱకు. రుచిని విచారించుటకు అతనికి తీరికయు లేదు, వేళయు గాదు.

ఆ తేనీటిని నేను నిందింపబోను. అందులోని పొడి సి.టి.సి. యను యంత్రపద్ధతిని తయారైనది. 1930 ప్రాంతమున అస్సాములో రూపొందిన ఈ పద్ధతిలో, పండ్లుదేరిన ఉక్కురోలర్ల నడుమ పచ్చియాకును నలిపి, చించి, చుట్టబెట్టుటచే అది తన యాకురూపమును విడిచి చిన్న గుళికలుగా మాఱును. ఆ గుళికలు సలసల కాగు నీటబడినంతనే గాఢమైన రంగును, వగరును వెలిగ్రక్కును. పాలలోని మాంసకృత్తులు ఆ వగరును పట్టి మెత్తబఱచును. చక్కెర అలసిన దేహమునకు తత్క్షణబలము నిచ్చును. అల్లము గొంతునకు హితము చేయును. ఆ పొడికి ఆ వంటయే తగినది. కాని ఈ పానీయము మన శ్రామికునియొద్దకు వచ్చిన త్రోవను మాత్రము జ్ఞప్తియందుంచుకొనవలయును. తేయాకు ఎగుమతిపై సుంకమువేసి, ఆ ధనముతో తేనీటిని ప్రచారము చేయుటకు 1903వ సంవత్సరమున ప్రభుత్వము చట్టము చేసెను. మొదటి ప్రపంచయుద్ధకాలము నాటికి కార్ఖానాలలోను, బొగ్గుగనులలోను, నూలుమిల్లులలోను తేనీటి దుకాణములు వెలసినవి. తేనీరు త్రాగిన పనివాడు అలసట మఱచి మఱింత పనిచేయునని యజమానులకు నచ్చజెప్పి తోటలవారు తమ సరకునకు గిరాకిని పెంచుకొనిరి. అనగా తేనీరు మన కార్మికునకు మొట్టమొదట పరిచయమైనది అతని సుఖముకొఱకు గాదు. అతని చేతిపని ఆగకుండుటకొఱకు. తేయాకు పుట్టిన దేశమున దాని చరిత్ర యిందుకు భిన్నమైనది.

చీనావారు తేయాకు పుట్టుకను షెన్‌నోంగ్ అను పురాణపురుషునికి ముడిపెట్టుదురు. కాగుచున్న నీటిలో గాలికి రాలిన యాకులు పడగా, ఆ నీటిని త్రాగి అతడు దాని గుణము కనుగొనెనని వారి గాథ. గాథను విడిచి చరిత్రకు వచ్చినచో, టాంగ్ వంశపు రాజుల కాలమున, క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దమున, లూ యూ అను పండితుడు తేయాకును గూర్చి పది యధ్యాయముల గ్రంథమును రచించెను. అనాథయై బౌద్ధాశ్రమమున పెరిగి, గురువునకు తేనీరు కాచియిచ్చుచు ఆ విద్యను నేర్చెనని చెప్పబడు ఈ మహనీయుడు, ఆకు పుట్టుక, కోత, కాల్పు, పాత్రలు, నీరు, నిప్పు, పానము అను సమస్తమును శాస్త్రముగా నిబద్ధించెను. తేనీటికి కొండయూటలనీరు ఉత్తమమనియు, నదీజలము మధ్యమమనియు, బావినీరు చివరిదనియు అతని నిర్ణయము. ఆ నాళ్లలో జనులు అల్లము, ఉల్లి, పుదీనా మొదలగువానిని వేసి తేయాకును ఉడికించుచుండగా, ఆకు సహజరుచి చెడునని అతడు గట్టిగా నిషేధించెను. ఉప్పును మాత్రము చిటికెడు అంగీకరించెను.

లూ యూ గ్రంథమున నన్ను మిక్కిలి యాకర్షించిన భాగము నీరు కాగుటను గూర్చినది. నీటికి మూడు కాగులున్నవని అతడు చెప్పును. చేపకన్నులవంటి బుడగలు లేచి, సన్ననిధ్వని వినబడునది మొదటి కాగు. పాత్ర అంచుల వెంబడి బుడగలు ముత్యాలసరములుగా పైకి ప్రాకునది రెండవ కాగు. అలలు లేచి పొరలునది మూడవ కాగు. దానిని దాటిన నీరు ముదిరినదనియు, త్రాగ దగదనియు అతని మతము. ఉష్ణమాపకయంత్రము పుట్టుటకు ఎనిమిదివందల యేండ్లు ముందే, కంటితోను చెవితోను నీటివేడిని కొలుచు విద్య యిది. ఈ మాట చదివినప్పుడు నాకు భివండి నేతగాడు తలపునకు వచ్చెను. నూఱు మగ్గములు మ్రోగుచున్న షెడ్డులో క్రొత్తవానికి వినబడునది ఒకే హోరు. కాని కాకలు తేరిన నేతగాడు, ఆ హోరులోనుండి తన నాలుగు సాంచాల ధ్వనిని వేఱుచేసి వినును. ఒక్కదాని లయ రవంత మాఱినచో, వీపు త్రిప్పి నిలిచియున్నను, పేక తీరినదో, నాడె తగులుచున్నదో గ్రహించి అటు పరుగిడును. చెవికి అట్టి శిక్షణ పొందినవానికి నీటి మూడు కాగులను గుర్తించుట యెంతపని? తేనీటివిద్యకు పెట్టుబడియైన శ్రద్ధ అతని కడుపులో పుట్టినది, చేతిలో పెరిగినది.

తరువాతి శతాబ్దములలో పద్ధతులు మాఱినవి. సోంగ్ రాజుల కాలమున ఆకును మెత్తని పొడిగా విసరి, గిన్నెలో వేడినీటితో వెదురుకుంచె వేసి నురుగువచ్చునట్లు చిలుకుచుండిరి. హుయీ త్సోంగ్ చక్రవర్తి స్వయముగా 1107 ప్రాంతమున తేనీటిని గూర్చి ప్రబంధము వ్రాసెను. జపానుదేశపు తేనీటి సంప్రదాయమునకు మూలము ఆ చిలుకు పద్ధతియే. పిదప మింగ్ వంశస్థాపకుడగు హోంగ్ వూ, 1391లో, అచ్చులుపోసిన తేయాకుబిళ్లలను కప్పముగా తెచ్చుటను మాన్పించి, విడియాకునే తెమ్మని శాసించెను. బిళ్లల తయారిలో ప్రజలకగు శ్రమ అపారమగుటయే అందులకు హేతువు. రాజాజ్ఞచే విడియాకు ప్రచారమునకు రాగా, దానిని నానవేయుటకు మూతగల చిన్నకూజా అవసరమయ్యెను. జియాంగ్‌సూ రాష్ట్రమున యీషింగ్ పట్టణమునందలి ఊదావన్నె మట్టితో కుమ్మరులు చేసిన కూజాలు అట్లు లోకప్రసిద్ధములయ్యెను.

దక్షిణమున ఫూజియన్, గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రములలో, ముఖ్యముగా ఛావ్‌జౌ సీమలో, ఈ విడియాకును కాచు కళ పరాకాష్ఠనందినది. దానినే గోంగ్ ఫూ తేనీరందురు. ఓపికతో అలవఱచుకొన్న నైపుణ్యముతో చేయు తేనీరని భావము. తేయాకు తయారియును, దాని చుట్టు నల్లుకొన్న ఆచారములును 2022వ సంవత్సరమున యునెస్కోవారి సాంస్కృతికవారసత్వపు జాబితాలో చేరినప్పుడు ఛావ్‌జౌ ఆచారము కూడ అందు చోటుచేసికొన్నది. దాని క్రమమును కొంచెము నిదానముగా వినుడు.

చిన్న మట్టికుంపటిపై నీరు కాగుచుండును. పిడికిట నిముడు కూజాయును, గుక్కెడు నీరైన పట్టని మూడు పలుచని పింగాణిగిన్నెలును పళ్లెరమున సిద్ధముగా నుండును. మొదట వేడినీటితో కూజాను, గిన్నెలను తడిపి వెచ్చబెట్టుదురు. చల్లని పాత్ర నీటివేడిని హరించి ఆకును సగము నిద్రలోనే యుంచును. పిదప కూజాలో సగమునకు మించి ఆకువేయుదురు. నూఱు మిల్లీలీటర్ల కూజాకు అయిదునుండి యేడు గ్రాముల వఱకును పట్టును, అది మనము వాడు మోతాదున కెన్నియో రెట్లు. కాగిన నీటిని ఎత్తునుండి పోసి, పైకి వచ్చిన నురుగును మూతతో త్రోసివేసి, ఆ మొదటినీటిని త్రాగక పాఱబోయుదురు. అది ఆకును కడిగి మేల్కొలుపుటకే. మరల నీరు పోసి, పది పదునైదు క్షణములలో గిన్నెలలోనికి వంచుదురు. రెండవసారి, మూడవసారి, నాలుగవసారి నీరు పోసినకొలది నానవేయు కాలమును కొన్ని క్షణములు పెంచుచు, మంచి యూలాంగ్ ఆకైనచో ఆఱేడు పర్యాయములు కాచుకొందురు. మొదటిదానిలో పరిమళము, రెండవ మూడవవానిలో బలము, ఆ తరువాత తీపి కలసిన నిదానము కనబడును. ఒకే యాకు ఒక గంటలో తన గుణములనన్నిటిని ఒక్కొక్కటిగా విప్పిచెప్పును.

ఈ క్రమములో నా మనస్సునకు హత్తుకొన్న ఘట్టము వంచు విధానము. మూడు గిన్నెలను అంచులు తాకునట్లు చేర్చి, కూజాను ఎచ్చటను నిలుపక, ఒకదానినుండి వేఱొకదానికి గుండ్రముగా త్రిప్పుచు పోయుదురు; మొదటి చుక్కలు పలుచన, కడపటి చుక్కలు చిక్కన గనుక, ఒక్కొక్క గిన్నెను విడిగా నింపినచో ఒకరికి నీళ్లు, ఒకరికి సారము దక్కును. కూజా ఖాళియగు వేళ మిగిలిన బొట్లనుగూడ గిన్నెగిన్నెకు సమముగా పంచుదురు. అతిథులెందఱున్నను గిన్నెలు సాధారణముగ మూడే. కావున పెద్దలకు మొదట ఇచ్చి, మిగిలినవారు ఒండొరులను ముందు త్రాగుమని బ్రతిమాలుచు, తమ వంతునకు వేచియుందురు. రుచియందు సమత్వమును, వరుసయందు మర్యాదను ఇంత చిన్నపళ్లెరములో ఇమిడ్చిన జాతి గొప్పది.

వేడిని గూర్చి ఇంత పట్టుదల యేల యని మీరడుగవచ్చును. ఆకులోని వేర్వేఱు పదార్థములు వేర్వేఱు వేడిలో నీటదిగును. తీపిని, మెత్తదనమును ఇచ్చు ఆమినో ఆమ్లములు గోరువెచ్చనిదానికి కొంచెము పైబడిన వేడికే కరగివచ్చును. వగరును, చేదును ఇచ్చు పదార్థములు మరుగునీటికి విశేషముగా దిగివచ్చును. హాంగ్‌జౌ సీమలో బాణలిపై వేచి తయారుచేయు లోంగ్‌జింగ్ వంటి పచ్చతేయాకును మరుగునీట ముంచినచో చేదు మిగులును. దానికి 75నుండి 80 డిగ్రీల వేడి చాలును. సగము పులిసిన ఊలాంగునకు 90నుండి 95, పూర్తిగా పులిసిన ఎఱ్ఱతేయాకునకు అంతకు మించియు కావలయును. ఆకును చూచి నీటిని కాచవలెనను ఈ సూక్ష్మము తెలిసినవానికి విధానములోని తక్కినదంతయు స్వయముగానే బోధపడును.

ఇట్టి యాకు మన దేశమునకు వచ్చిన కథలో నేతగాండ్రు ప్రత్యేకముగ వినదగిన యంశమొకటి కలదు. 1823లో అస్సామునందలి సింగ్‌ఫో తెగవారియొద్ద తేయాకుచెట్లున్నవని రాబర్ట్ బ్రూసు అను వర్తకుడు తెలిసికొనెను. 1839 జనవరిలో అస్సాము తేయాకు లండనులో వేలమునకు వచ్చెను. ఈ నడుమ ఆంగ్లేయులు చీనానుండి విత్తనములు తెప్పించిరి. విత్తనము మొలకెత్తెను, కాని ఆకును వాడబెట్టి, నలిపి, వేచి, ఆఱబెట్టు హస్తకౌశలము విత్తనములో లేదు. అందుచే వారు చీనా పనివాండ్రనే తోడ్కొని రావలసివచ్చెను. 1848నుండి ఈస్టిండియా కంపెనీ పక్షమున చీనాలోపలి సీమలలో సంచరించిన రాబర్ట్ ఫార్చ్యూనును మొక్కలతోపాటు తేయాకు పనివాండ్రను హిమాలయప్రాంతమునకు పంపెను. విద్య పుస్తకములోకంటె చేతిలోనే ప్రయాణము చేయును. కరీంనగరమునుండి భివండికి తరలిన పద్మశాలీని వెంట వచ్చినదియు అట్టి చేతివిద్యయే గనుక, పరదేశమున తన పని నేర్పి, తన పేరు ఎచ్చటను వ్రాయబడక మఱుగైన ఆ చీనా పనివానిని మన నేతగాడు తన తోడివానిగా భావింపవచ్చును.

ఇక ఆచరణకు వత్తము. ఈ విధానమునకు యీషింగ్ కూజా యవసరము లేదు. మూతపెట్టుటకు వీలైన చిన్న పింగాణికప్పును, వడగట్టుటకు జాలియు నున్న చాలును. ఆకు మాత్రము పొడి గాక, విడియాకై యుండవలెను. డార్జిలింగు తోటలు చీనాజాతి విత్తనములతో పుట్టినవి కావున, బొంబాయి బజారులలో దొరకు డార్జిలింగు ఆకు మనకు సులభముగా లభించు దగ్గఱి బంధువు. కుళాయినీటిని రాత్రి మట్టికుండలో పోసి మూతలేక గుడ్డకట్టి యుంచినచో నీటిని శుద్ధిచేయుటకు కలుపు మందువాసన చాలవఱకు పోవును. ఆ నీటిని ఒకేసారి కాచవలెను, కాగి చల్లాఱిన నీటిని మరల కాచినచో తేనీరు జీవములేక యుండునందురు. కప్పును వేడినీటితో వెచ్చబెట్టి, పాఱబోసి, చిన్నచెంచాలు రెండు ఆకువేసి, నీరు కాగి పొంగు తగ్గిన పిమ్మట పోసి, మూతవైచి, ముప్పది లెక్కపెట్టునంతలో వేఱొక పాత్రలోనికి వడగట్టి, ఇంటివారి గిన్నెలలో సమముగా పంచుడు. పాలు, చక్కెర మొదటిసారి కలుపక రుచి చూడుడు. ఆ యాకునే మఱి రెండుమూడు పర్యాయములు, ప్రతిసారియు కొంత యెక్కువసేపు నానవేయుడు. ఆకు ధర యెక్కువయని వెనుదీయువారికి, ఒకమారు వేసినది నాలుగుమారులు పనికివచ్చునని తెలిసినచో ధైర్యము కలుగును. తేయాకు పరిసరములందలి వాసనలను పీల్చును కావున మసాలాలకు, కిరసనాయిలునకు దూరముగా బిగుతైన డబ్బాలో దాచుడు. రాత్రి పాళీ ముగించి పగలు నిదురింపవలసినవారు పడకకు ముందు త్రాగకుందురుగాక. సెలవునాటి మధ్యాహ్నము దీనికి తగిన వేళ.

పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై పనిచేయువానికి ఈ తీరిక యెక్కడిదని నన్ను కొందఱడిగిరి. ప్రశ్న న్యాయమైనది, దానికి సమాధానము తేనీటిలో లేదు, పనిగంటలలోను కూలిధరలలోను ఉన్నది. అయినను, తీరిక లభించిన కొద్ది వేళను ఏమి చేసికొనవలెనను విషయమున ఎవరి నిర్ణయము వారిదే. షెడ్డులో త్రాగు గ్లాసు మగ్గమునకు చెందినది. ఇంట, భార్యాపిల్లలతోను, బిస్సీయను కూలీల భోజనశాలలో తోడివారితోను గూర్చుండి, నీటిధ్వనిని విని, ఆకు విప్పుకొనుటను చూచి, అందఱికిని సమముగా పంచి త్రాగు గిన్నె అతనిది. రుచిని తెలిసికొనుట సంపన్నుల సొత్తని మన సమాజమున ఒక దురభిప్రాయము బలిసియున్నది. తేనీటిశాస్త్రమును వ్రాసినవాడు అనాథ బాలుడుగా పెరిగినవాడు. ఆ విద్యను దేశదేశములకు మోసినవారు చేతిపనివాండ్రు. కూలికి నిలిచిన చేతికి కళయందును హక్కు కలదని వారి చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. భివండి తెలుగువారు ఆ హక్కును, వారమునకొక గంటయైనను, తమ యింట స్థాపించుకొందురుగాక.